గ్రాంటు దరఖాస్తుల లెక్క: నోట్‌బుక్కా, షీటా, ట్రెలోనా?

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీహెచ్‌డీ పిల్లలు కలిస్తే చాలు, "సార్, ప్రాజెక్టు అప్లికేషన్ల లెక్క దేంట్ల రాసుకుంటే మంచిగుంటది?" అని అడుగుతున్నారు. నా ఓటు గూగుల్ షీట్‌కే. అయినా మిగతావాటినీ తీసిపారేయలేం.

ఏడాదికి ఒకటో రెండో పంపేవాళ్లకు, ఒంటరిగా పనిచేసేవాళ్లకు పొడుగు నోట్‌బుక్ చాలు. సెక్షన్‌లో నిలబడి క్లర్కు చెప్పింది అక్కడికక్కడే రాసుకోవడానికి దాన్ని మించింది లేదు. చిక్కల్లా మీరు నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో, ప్రాజెక్టులో మీతో కలిసి పనిచేసే కో-పీఐ (సహ పరిశోధకుడు) మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలో ఉన్నప్పుడే. ఆ నోట్‌బుక్ మీ సంచిలోనే ఉంటుంది కదా.

పనులను కార్డులుగా చూపే ట్రెలో యాప్ చూడముచ్చటగా ఉంటుంది. 'ఆలోచన', 'రాస్తున్నాం', 'పంపాం' అని వరసలు పెట్టి కార్డులు జరుపుకోవచ్చు. నలుగురైదుగురున్న ల్యాబ్‌కు బాగానే పనికొస్తుంది. కానీ కార్డు పక్కకు జరిపితే పనైపోయినట్టే అనిపిస్తుంది, ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నోట్సు, పట్టికలు రాసుకునే నోషన్ యాప్ సంగతి సరేసరి, దాన్ని అలంకరించుకునే టైములో బడ్జెట్ పేజీ రాసేయొచ్చు. క్యాలెండర్ అలారానికి తప్ప ఎందుకూ కాదు.

ఇక అసలు విషయం. నిధులిచ్చే ఏజెన్సీ పెట్టిన ఆఖరి తేదీ మన ఆఖరి తేదీ కాదు. సైన్సు పరిశోధనకు నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్ కానీ, సామాజిక శాస్త్రాలకు ఇచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్ కానీ, దరఖాస్తుకు మన సంస్థ ఒప్పుకుందని ఎండార్స్‌మెంట్ సంతకం అడుగుతాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ మీద పని అనుకోండి. నీళ్ల శాంపిళ్లతో సరిపోతే ఒక లెక్క. మనుషుల పళ్లు, ఎముకలు పరీక్షించాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో మన చేతిలో ఉండదు. "సార్ క్యాంపుల ఉన్నడు, సోమవారం రాండ్రి" అనే మాటకు ఏ పోర్టల్ గడువు పొడిగించదు.

అందుకే వెనక నుంచి లెక్కేయాలి. షీట్ ముందుకొచ్చేది ఇక్కడే. అందులో పనిదినాలు లెక్కేసే వర్క్‌డే (WORKDAY) ఫంక్షన్‌కు గడువు తేదీ, మైనస్ 15 (అంటే 15 పనిదినాలు వెనక్కి), సెలవుల జాబితా ఇస్తే సంతకానికి ఫైలు ఏ రోజు పెట్టాలో అదే చెబుతుంది. శనివారం కూడా పనిచేసే ఆఫీసైతే వర్క్‌డే.ఇంటిఎల్ (WORKDAY.INTL) వాడి, వారాంతం కోడ్ 11 ఇవ్వండి, ఆదివారం ఒక్కటే సెలవుగా తీసుకుంటుంది. గడువు దసరా తర్వాతి వారంలో పడిందా, బతుకమ్మ సెలవులకు ముందే ఫైలు కదలాలని తేలిపోతుంది. ఈ లెక్క నోట్‌బుక్‌లో ఎవరూ వేయరు.

నిలువు వరసలు ఎన్నైనా పెట్టుకోండి కానీ రెండు తప్పనిసరి. ఒకటి, 'ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది'. 'ప్రాసెస్‌లో ఉంది' అని రాయొద్దు, ఫైలున్న సీటు, అంటే ఆ ఉద్యోగి హోదా, పేరు రాయాలి. రెండోది, 'ఇదే అంశం ఇంకెక్కడ పంపాం'. చాలా ఫారాల్లో నడుస్తున్న, పెండింగ్‌లో ఉన్న ప్రాజెక్టుల వివరాలు అడుగుతారు, అప్పుడు తడుముకోనక్కర్లేదు. పాత ఫారాలు మాత్రం దాచుకోవద్దు. 2023 చట్టంతో అంతకుముందు నిధులిచ్చిన ఎస్‌ఈఆర్‌బీ పోయి ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చింది, పాత పేరున్న సర్టిఫికెట్ నమూనాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ప్రకటన లింకునే షీట్‌లో పెట్టుకుంటే మేలు.

గ్రాంటు వచ్చాక ఆ వరుస చెరిపేయకండి. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికిచ్చారో దానికే వాడామనే ధ్రువపత్రం), ఖర్చుల పట్టిక పంపితేగానీ తర్వాతి వాయిదా రాదు. వాటికీ సంతకాలే కావాలి కాబట్టి అదే ఫార్ములాను కింది గళ్లలోకి లాగండి.