టేపుకీ కొబ్బరినూనెకీ పడదు

టేపు ఎక్స్‌టెన్షన్లను, అంటే మన జుట్టుకు జిగురు పట్టీతో అంటించుకునే అదనపు జుట్టు ముక్కలను, ఇంట్లోనే తీసి మళ్లీ ఇంట్లోనే అంటించుకోవచ్చా అని 2023లో నన్ను ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పాను. హాయిగా చేసుకోండి, పార్లర్లకి డబ్బు తగలేయకండి అని. ఆ మాటను ఇప్పుడూ పూర్తిగా కాదనను. కానీ ఆ టేపు మీద నా కోపం మాత్రం ఇంతవరకు చల్లారలేదు. ఎక్స్‌టెన్షన్ల జుట్టు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఉన్నదంతా దాన్ని పట్టి ఉంచే ఆ చిన్న జిగురు పట్టీ మీదే.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రెండో కాన్పు అయిన మూడో నెల నుంచి తల దువ్వితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనలోకి వచ్చేసేది. బాలింతలకు ఇది మామూలే, చాలామందికి ఏడాదిలో తిరిగి వస్తుంది. నాకు వెనకవైపు వచ్చింది గానీ చెవుల పైన, పాపిడి పక్కన పల్చగానే ఉండిపోయింది. నడుము దాటిన జడ వేసుకు తిరిగినదాన్ని. బడిలో పిల్లల ముందు నిలబడితే చెయ్యి ఊరికే తల మీదకే పోయేది. అందుకే 2022 దసరాకి రాజమండ్రిలో ఒక పార్లర్‌లో నలభై ముక్కల సెట్టు పెట్టించుకున్నాను. జుట్టుతో కలిపి 32,000 రూపాయలు. ఆ రోజు అద్దంలో జడ చూసుకుని ఏడ్చేశాను. ఆ సంతోషం నిజం, అందులో ఏ తేడా లేదు.

అసలు ఖర్చు తర్వాత మొదలైంది. మన జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కదా, దాంతోపాటు టేపు కూడా కుదుళ్ల నుంచి కిందికి దిగుతుంది. ఏడెనిమిది వారాలకోసారి తీయించి మళ్లీ పైకి అంటించుకోవాలి. ఒక్కో విడతకు 5,500. ఏడాదికి ఆరుసార్లంటే 33,000, అంటే కొత్త సెట్టు ఖరీదు కన్నా ఎక్కువ. రావులపాలెంలో బస్సు మారి వెళ్లిరావడం, బడికి సెలవు పెట్టడం ఈ లెక్కలో లేవు. రెండుసార్లు వెళ్లి, మూడోసారి టేపు ప్యాకెట్టు, జిగురు వదిలించే రిమూవర్ సీసా తెప్పించుకుని మా తోడికోడలిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక విడతకు 900 రూపాయల్లో అయిపోయింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. టేపు దగ్గర రెండు చుక్కల రిమూవర్ వేసి, రెండు నిమిషాలు ఆగి, వేళ్లతో మెల్లగా విడదీయాలి. పాత జిగురు మొత్తం పోయేదాకా తుడవాలి. ముక్కలు ఉతికి, ఆరబెట్టి, కొత్త టేపు అంటించాలి. మన జుట్టులోంచి పల్చటి పాయ తీసి, దాన్ని రెండు ముక్కల మధ్య పెట్టి నొక్కాలి. పాయ మందంగా ఉంటే అటూ ఇటూ జిగురు కలవదు. మరీ పల్చగా ఉంటే ఆ బరువు మన కుదుళ్ల మీద పడుతుంది. కుదుళ్ల దగ్గర అరసెంటీమీటరు ఖాళీ వదలాలి. ఇదంతా రెండు విడతల్లో చేతికి వచ్చేస్తుంది.

మొదటిసారి తీసినప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. ప్రతి ముక్కతోనూ నా జుట్టు కుచ్చుగా ఊడి వచ్చింది. ఉన్నదీ పోయిందనుకుని రాత్రంతా నిద్రపోలేదు. అది భయపడాల్సింది కాదని తర్వాత అర్థమైంది. ఎవరికైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు సహజంగానే రాలతాయి. మామూలుగా అయితే దువ్వెనలోకో దిండు మీదకో పోయేవి, టేపులో చిక్కుకుని ఎనిమిది వారాలవీ ఒకేసారి బయటపడతాయి. పార్లర్‌లో రెండుసార్లు తీసినా ఈ విషయం ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లో మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ ముందు చెప్పాల్సిన మాట ఇదే.

ఇక నేను అప్పట్లో అందరికీ చెప్పిన పొదుపు లెక్కలో ఒక సంగతి కలపలేదు. మా బోరు ఉప్పగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, తాగడానికి, వంటకే సరిపోయేది కాదు. 2023 ఏప్రిల్, మే నెలలు తలస్నానం బోరు నీళ్లతోనే చేశాను. మన జుట్టుకు తలలోంచి కొంత జిడ్డు అందుతుంది, ఎక్స్‌టెన్షన్‌కు అది రాదు. పైగా ఆ నీళ్లలోని లవణాలు పేరుకుంటాయి. జూన్ నాటికి కొసలు కొబ్బరి పీచులా అయిపోయాయి, దువ్వెన దిగేది కాదు. పద్నాలుగు నెలలు వస్తుందన్న సెట్టు తొమ్మిది నెలలకే పోయింది. కొత్త జుట్టుకు 18,000. ఇంట్లో చేసుకుని మిగిల్చినదాంట్లో చాలా భాగం అక్కడే కరిగింది. కాటన్ దొర పుణ్యమా అని వచ్చే కాలువ నీళ్లతో కడిగిన రెండో సెట్టు మాత్రం ఎప్పుడూ అలా కాలేదు. మీ ఇంటి నీళ్లు ఎలాంటివో చూసుకున్నాకే ఏదైనా కొనండి. ఖరీదైన షాంపూ కన్నా అది ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2024 జనవరి 12 రాత్రి, పండగకి ముస్తాబుగా ఉండాలని, నలభై ముక్కలూ కొత్త టేపుతో అంటించుకున్నాను. అంటించాక 48 గంటలు తల తడపకూడదు, జిగురు గట్టిపడాలి. టేపు దగ్గరికి నూనె ఎప్పుడూ రాకూడదు. రెండూ నాకు తెలుసు. 14న భోగి అనీ తెలుసు. తలంటు సంగతే మనసులో సరిగ్గా ఆనలేదు. అంతకుముందు ఏడాది భోగికి పుట్టింట్లో ఉన్నాను, మా అమ్మ మాడు మీద రెండు చుక్కలు అద్ది వదిలేసింది. ఈసారి అత్తారింట్లో ఉన్నాను.

తెల్లవారుజామున భోగిమంట దగ్గర నుంచి వచ్చేసరికి అత్తయ్య పీట వేసి, గిన్నెలో నూనె గోరువెచ్చగా చేసి కూర్చున్నారు. మా తోట కాయలు ఎండబెట్టి, ఆ కురిడీలతో ఆడించిన నూనె అది. ఏడాదంతా ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వరు.

"అత్తయ్యా, నాకు నడినెత్తిన కాస్త రాస్తే చాలు" అన్నాను.

"ఏడాదికోసారి వచ్చే భోగి, అమ్మాయ్. కుదుళ్లకు పట్టకపోతే అదేం తలంటు? రా, కూర్చో" అన్నారు.

ఏం చెప్పను? జుట్టు ఊడినన్నాళ్లూ నా తల పట్టుకుని బాధపడిన మనిషి ఆవిడ. ఆ చేతులను వద్దని తోసేయడం నావల్ల కాలేదు. పావుగంట సేపు మర్దనా చేశారు. ఆ తర్వాత నలుగు, కుంకుడుకాయ రసం, సాంబ్రాణి. భోగి రోజు ఏమీ కాలేదు. సంక్రాంతి రోజూ ఏమీ కాలేదు. టేపు గట్టిదే అని మా తోడికోడలితో గర్వంగా అన్నాను కూడా.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి, అంటే ప్రభల జాతరకి వెళ్లాం. జడలో చేమంతులు బరువుగా పెట్టుకున్నాను. దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ప్రభ కౌశిక కాలువ దాటుతుంటే జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. అందరూ చేతులెత్తి దండం పెడుతున్నారు, నేనూ పెట్టాను. అప్పుడు వెనక నుంచి నా పెద్దపాప కొంగు లాగి, "అమ్మా, నీ జుట్టు ఊడి వచ్చేస్తోంది" అంది. చెయ్యి వెనక్కి పెడితే టేపుతో సహా ఒక ముక్క వేళ్లకు అంటుకుంది. ఇంకొకటి జాకెట్టు మీద వేలాడుతోంది. పిల్ల మొహంలో భయం ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ అమ్మకు జబ్బు చేసిందనుకుంది. తల మీద కొంగు కప్పుకుని, దాన్ని ఎత్తుకుని, ప్రభలన్నీ చూడకుండానే బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే నలభైలో పదమూడు ముక్కలు జారిపోయాయి. మిగతావాటిలో చాలా సగం జారి, నూనెలో కరిగిన జిగురు నా సొంత జుట్టుతో కలిసి అట్టకట్టింది. మూడు సాయంత్రాలు మా తోడికోడలు ఓపిగ్గా విడదీసింది. ఎడమ చెవి వెనక బొటనవేలంత మేర ఎంతకీ రాక కత్తిరించాల్సి వచ్చింది. ఉన్నదే పల్చటి జుట్టు. కోపం వచ్చిందంటే అందుకే.

తప్పు నాదేనని అనొచ్చు. జాగ్రత్తలన్నీ తెలిసీ కూర్చున్నాను. కానీ కొబ్బరినూనె మా ఇంట్లో అప్పుడప్పుడు వాడే వస్తువు కాదు. ఆదివారం తలంటు, పండగ తలంటు, పిల్లలకు రాసిన చేత్తోనే నా తల సర్దుకోవడం, నూనె అంటిన దిండు గలేబు. పదిహేను నెలలు వీటన్నిటికీ దూరంగా జరుగుతూ బతికాను. టేపు బాగుండాలంటే ఇంట్లో మనుషుల చెయ్యి నా తల మీద పడకూడదు. ఆ కష్టం నాకు డబ్బు ఖర్చు కన్నా ఎక్కువనిపించింది.

ముక్కలన్నీ తీసి సంచిలో వేస్తుంటే ఫోన్లో అమ్మ అంది: "పారేయకే. సవరం కట్టు." మా అమ్మమ్మకు తన సొంత జుట్టుతోనే కట్టించిన సవరం ఉండేది. అది మేకుకు వేలాడటం చిన్నప్పుడు చూశాను. ఆ మాట పట్టుకుని జిగురంతా తుడిచి, ముక్కలను ఉతికి, నల్ల రిబ్బను మీద వరసగా పేర్చి నైలాన్ దారంతో చేత్తో కుట్టాను. టేపు అంటించే పట్టీ ప్లాస్టిక్‌లా పల్చగా ఉంటుంది, సూది సులువుగానే దిగింది. వరసకు మూడు నాలుగు చొప్పున చిన్న క్లిప్పులు కుట్టాను. మొత్తం నాలుగు వరసలు, ఖర్చు 220 రూపాయలు.

ఇంత బాగా వస్తుందని అనుకోలేదు. పొద్దున్న పెట్టుకుంటాను, బడి నుంచి వచ్చాక తీసి మేకుకు తగిలిస్తాను. ఆదివారం నిశ్చింతగా తలంటు పోసుకుంటాను. నెలకోసారి కుళాయి నీళ్లతో ఉతికితే చాలు కాబట్టి జుట్టు పాడవడం లేదు. 2024లో కుట్టినవే ఇప్పటికీ వాడుతున్నాను. ఒక వరస మాత్రం విప్పి మళ్లీ కుట్టాను.

అయితే క్లిప్పుల్లోనూ ఇబ్బంది ఉంది. రోజూ ఒకే చోట పెడితే అక్కడ కుదురు లాగుతుంది. నాకు కుడివైపు కాస్త పల్చబడిందనిపించి ఇప్పుడు వారానికి మూడు రోజులే పెట్టుకుంటున్నాను, చోటు మారుస్తున్నాను. సాయంత్రానికి తల బరువెక్కుతుంది. కొప్పు పైకి వేస్తే రిబ్బను కనిపిస్తుంది. టేపు ఉన్నప్పుడు నిద్ర లేచీ లేవగానే ఒత్తయిన జుట్టు ఉండేది, ఆ సుఖం దీనిలో లేదు. పెళ్లిళ్లప్పుడు అది గుర్తొస్తుంది.

నూనె రాసుకునే అలవాటు లేనివాళ్లకు, ఇంట్లో మంచినీళ్లు ఉన్నవాళ్లకు టేపు ఇంట్లో చేసుకోవడం ఇప్పటికీ లాభమే అనుకుంటాను. ఒంటరిగా మాత్రం మొదలుపెట్టకండి. నేను చేసుకున్నానని చెప్పుకున్నా, వెనక రెండు వరసలూ మొదటి నుంచీ మా తోడికోడలు చేతులే. అద్దంలో చూసి అవి అంటించడం నాకు ఏనాడూ రాలేదు. తోడికోడలు వాళ్లు ఈ వేసవిలో పిల్లల చదువులకని కాకినాడ మారిపోతున్నారు. వెళ్లేలోపు సవరంలో వదులైన రెండు క్లిప్పులు కుట్టి ఇస్తానంది.