కాలిన గాయాలకు ద్రవ చికిత్స: పార్క్‌ల్యాండ్ సూత్రమా, సవరించిన బ్రూక్ సూత్రమా?

ఒంటిలో ఐదో వంతుకు మించి లోతుగా కాలినప్పుడు రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కణజాలంలోకి ఊరిపోయి రక్త పరిమాణం పడిపోతుంది కనుక, మొదటి 24 గంటల్లో ఎంత ద్రవం ఎక్కించాలన్నది ప్రాణాలతో ముడిపడిన లెక్క. పార్క్‌ల్యాండ్ సూత్రం ప్రకారం ప్రతి కిలో బరువుకు, ఒంటి చర్మంలో కాలిన ప్రతి శాతానికి 4 మి.లీ. రింగర్ లాక్టేట్ (సిరలోకి ఎక్కించే లవణ ద్రావణం) ఇవ్వాలి. సవరించిన బ్రూక్ సూత్రం 2 మి.లీ.తో మొదలుపెట్టమంటుంది. రెండింటిలోనూ సగం ద్రవం తొలి 8 గంటల్లోనే వెళ్లాలి. ఆ గంటలను ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాక, కాలినప్పటి నుంచి లెక్కించాలి. కేవలం ఎర్రబారిన చర్మాన్ని శాతంలో కలపరు.

70 కిలోల వ్యక్తికి 40 శాతం కాలితే మొదటి సూత్రం 11,200 మి.లీ. అంటుంది, రెండోది 5,600 మి.లీ. అంటుంది. ద్రవం చాలకపోతే షాక్ (రక్తప్రసరణ కుప్పకూలడం), మూత్రపిండాల వైఫల్యం తప్పవన్న భయం పార్క్‌ల్యాండ్ వెనుక ఉంది, అది సహేతుకమే. అయితే ఎక్కువైన ద్రవం ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి, పొట్టలో ఒత్తిడి ప్రమాదకరంగా పెరగడానికి దారితీస్తుంది. పైగా ఒకసారి పెంచిన వేగాన్ని తగ్గించడానికి సిబ్బంది చేయి అంత తొందరగా రాదు. అందుకే మంటల్లో కాలిన పెద్దలకు 2 మి.లీ.తో ఆరంభించి, గంటకు 30 నుంచి 50 మి.లీ. మూత్రం వచ్చేలా వేగాన్ని సవరించడమే మేలనిపిస్తుంది. కండరాలు దెబ్బతినే విద్యుత్ గాయాల్లో మాత్రం 4 మి.లీ. ఆరంభమే సరైనది.