వాదనలో వాక్యం తీసేముందు: బైబిల్ హబ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఆస్తికులకీ నాస్తికులకీ చర్చ పడితే వాక్యానికి ఎదురు వాక్యం రావడం మామూలే. ఆ వాక్యం నిజంగా ఏం చెబుతోందో అక్కడికక్కడే చూసుకోడానికి, ఉచితంగా దొరికే వాటిలో బైబిల్ హబ్ సైటుకే నా ఓటు. వచనం కొడితే చాలా ఇంగ్లీషు అనువాదాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. మూలభాష పాఠం, పాత వ్యాఖ్యానాలు కూడా అక్కడే ఉంటాయి.

కానీ వచనం పేజీలో ఆగిపోతే మోసపోతాం. అధ్యాయం మొత్తం తెరవాలి. భూమి శూన్యంలో వేలాడుతోందని బైబిల్ ముందే చెప్పిందంటూ యోబు 26:7ను సైన్సు రుజువుగా చూపిస్తుంటారు. అదే అధ్యాయం 11వ వచనంలో ఆకాశ స్తంభాలు అదురుతాయని ఉంది. మొదటిది అక్షరాలా నిజం, రెండోది కవిత్వం అంటే ఎదుటివాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. యోబు గ్రంథంలో మాట్లాడేది ఎవరో కూడా చూసుకోవాలి. యోబు స్నేహితుడు ఎలీఫజు మాటల్ని దేవుడి మాటలుగా చదివి వినిపిస్తారు. 42:7లో అతన్నీ అతని ఇద్దరు స్నేహితుల్నీ తప్పుపట్టింది ఆ దేవుడే.

నాస్తికులూ తక్కువ తినలేదు. లూకా 19:27 చూపించి, శత్రువుల్ని చంపమని యేసు ఆజ్ఞాపించాడంటారు. 11 నుంచి చదివితే అది ఉపమానంలోని రాజు మాట అని తెలుస్తుంది. అలాంటి రాజుతో ఉపమానం ఎందుకు చెప్పాడని నిలదీయండి, అది న్యాయమైన ప్రశ్న. విషం తాగి చూపించమనే సవాలుకు ఆధారం, నమ్మినవాళ్లు విషం తాగినా హాని కలగదనే మార్కు 16:18. సైనాయిటికస్, వాటికానస్ అనే 4వ శతాబ్దపు ప్రతుల్లో 9 నుంచి 20 దాకా వచనాలే లేవు. ఎన్‌ఐవి (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) లాంటి ఇంగ్లీషు అనువాదాల్లో ఆ గమనిక 9కి ముందు ఉంటుంది. 18 ఒక్కటే చూసి మూసేసేవాళ్లు దాన్ని దాటిపోతారు.

వ్యాఖ్యానాలను మాత్రం తటస్థ సాక్ష్యంగా పెట్టొద్దు. వాటిని రాసిన గిల్, బార్న్స్, ఎలికాట్ 18, 19 శతాబ్దాల విశ్వాసులు. 1947 నుంచి బయటపడిన మృత సముద్రపు చుట్టలు (చాలా పాత హీబ్రూ బైబిల్ ప్రతులు ఉన్నవి) వాళ్లు చూడలేదు.

ఇక ఈ సైటు ఎంత వెతికినా ఇవ్వలేనిది ఒకటుంది. లేఖనం దైవావేశం వల్ల కలిగిందనడానికి 2 తిమోతి 3:16 చూపిస్తే, జామీను అడిగినప్పుడు తన సంతకమే మళ్లీ పెట్టినట్టు. రాసినవాళ్లు ఏం నమ్మారో చెప్పడానికి లేఖనం గట్టి సాక్ష్యం. ఆ నమ్మకం నిజమనడానికి బయటి ఆధారం కావాలి. దేవుడు లేడనేవాడు బుద్ధిహీనుడనే కీర్తన 14:1 చదివి ఎదుటివాణ్ణి బుద్ధిహీనుడంటే చర్చ అక్కడితో సరి.

తెలుగు సభకైతే యూవర్షన్ యాప్‌లో తెలుగు పాఠం కూడా పక్కన పెట్టుకోండి. యూదుల హీబ్రూ ప్రతి నుంచి ఎవరైనా వేరే వచన సంఖ్య చెబితే కంగారుపడి అబద్ధమనొద్దు. కీర్తనల్లో శీర్షికను కూడా లెక్కలో కలపడం వల్ల మన 51:1 అక్కడ 51:3 అవుతుంది. అధ్యాయాల విభజన వేరు కావడం వల్ల యోవేలు 2:28 అక్కడ 3:1.