గానుగ నూనెకి లోగో చేయించుకున్నాం: ఈ స్టూడియో పనితీరు

నంద్యాలలో మాది చెక్క గానుగ. వేరుశనగ, నువ్వుల నూనె తీసి సీసాల్లో అమ్ముతాం. కొత్త లేబుళ్లు కొట్టించేముందు లోగో కావాలని ఈ స్టూడియోకి వెళ్లాం. పని చాలా బాగా చేశారు, టైమ్ విషయంలో మాత్రం ఇబ్బంది పడ్డాం.

మొదటి రోజు డిజైనర్ గారు కంప్యూటర్ తెరవనే లేదు. అన్నీ ప్రశ్నలే. ఊళ్లోవాళ్లు ఎక్కువ కొంటారా, కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లా? పేరు ఎక్కడెక్కడ పడాలి? నేను బోర్డు, లేబుల్ అన్నాను. మూత, అట్టపెట్టె, బిల్లు పుస్తకం, వాట్సాప్ డీపీ ఆయనే గుర్తుచేశారు. తర్వాత మిల్లుకి వచ్చి, గానుగ తిరుగుతుంటే చాలాసేపు నిలబడి పెన్సిల్‌తో గీసుకున్నారు.

మా నాన్నగారు ఎద్దు బొమ్మ ఉండాల్సిందేనన్నారు. మా గానుగేమో మోటారు మీద తిరుగుతుంది. "లేని ఎద్దుని చూపించడం ఎందుకండీ" అన్నారు డిజైనర్. అయినా పెద్దాయన మాట తీసేయకుండా ఎద్దుతో ఒక నమూనా గీసి, మూత సైజులో ప్రింటు తీసి చేతిలో పెట్టారు. ఎద్దు కాళ్లూ కాడీ కలిసిపోయి మచ్చలా ఉంది. నాన్నగారు ఇంకేమీ అనలేదు. చివరికి ఖాయమైంది గానుగని పైనుంచి చూస్తే కనిపించే ఆకారం: గుండ్రటి రోలు, అందులో వాలుగా రోకలి. డీపీలో గుండ్రంగా కత్తిరించినా ఏమీ పోదు.

అసలు పనితనం అక్షరాల్లో ఉంది. మా పేరులో 'క్ష్మి' ఉంది. ఒకే అక్షరంలో ష ఒత్తు, మ ఒత్తు, పైన గుడి. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మల్లన్న లాంటి ఫాంట్లలో పేరు టైపు చేసి చూపించారు. అవి వ్యాపారానికి కూడా ఉచితమే, లైసెన్సు గొడవ ఉండదు. లావు అక్షరాలు బోర్డుకి బాగున్నాయి కానీ, మూత మీద స్క్రీన్ ప్రింటింగ్ చేస్తే సిరా పాకి ఒత్తుల మధ్య ఖాళీలు పూడిపోతాయట. అందుకని ఆ ఒక్క అక్షరాన్ని చేత్తో మళ్లీ గీశారు. మ ఒత్తుని కాస్త కుడికి జరిపి, లోపలి ఖాళీలు వెడల్పు చేసి, గుడిని కొంచెం పైకెత్తారు. రెండూ పక్కపక్కన పెడితేగానీ నాకు తేడా తెలియలేదు. తెలిశాక ముందుదాన్ని చూడబుద్ధి కాలేదు.

రంగు ఆఖర్న వేశారు. అంతవరకూ నలుపు తెలుపే. బిల్లు పుస్తకం ఒక్క రంగులో అచ్చవుతుంది కదా, అందులో నిలబడని లోగో పనికిరాదంటారాయన. తెర మీద కనిపించే పసుపు అచ్చులో అలాగే రాదని సీఎంవైకే అంకెలు, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల పాళ్లు, విడిగా రాసిచ్చారు. లేబుల్ ప్రెస్‌వాళ్లకి అవే ఇచ్చాం.

మిగతా డబ్బు కట్టాక ఎస్‌వీజీ, పీడీఎఫ్, పీఎన్‌జీ ఫైళ్లన్నీ ఇచ్చారు. వాటితోపాటు హక్కులు మాకు బదిలీ చేస్తూ సంతకం పెట్టిన కాగితం కూడా. ఈ కాగితం చాలామంది అడగరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా గీసినవారే మొదటి హక్కుదారు, బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. డబ్బిచ్చాం కాబట్టి మనదే అనుకుంటే తర్వాత టెన్షన్. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు మాత్రం మనమే చూసుకోవాలి. అందులో సరుకుల్ని రకాన్ని బట్టి క్లాసులుగా విడదీస్తారు, వంటనూనెలు 29వ క్లాసులోకి వస్తాయి. వ్యక్తులకీ చిన్న వ్యాపారాలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకి ఫీజు రూ.4,500.

ఇక ఇబ్బంది. చెప్పిన తేదీ దాటిపోయింది, మేం ఫోన్ చేస్తేగానీ కబురు లేదు. సంక్రాంతికి అరిసెలు వండేవాళ్లు నూనె కొనే రోజుల్లో కొత్త లేబుళ్లు లేవు. మార్పులు రెండుసార్లు దాటితే అదనంగా కట్టాలన్న సంగతి కూడా మూడోసారి అడిగాకే తెలిసింది. మొత్తం రూ.12,000 అయింది, ఈ పనికి అది ఎక్కువ కాదు. మీరు వెళ్తే తేదీ, మార్పుల లెక్క మాత్రం అడ్వాన్సు ఇచ్చేముందే రాయించుకోండి.