గుండు కొట్టలేదు, అందుకే ఒక స్టార్ ఎక్కువ

తిరుపతికి అరగంట దూరంలో ఉన్న ఒక మానసిక పునరావాస కేంద్రం గురించి ఇది. పేరు రాయను, అడగొద్దు. మా తమ్ముడు ఇంకా నెలకోసారి అక్కడికి చెకప్‌కి వెళ్తున్నాడు, పైగా మాది ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి అందరికీ తెలిసిపోయే వీధి. పేరు లేకుండా రివ్యూ ఏంటి అంటారేమో, కానీ ఇలాంటి చోట ఏం చూడాలో ఏం అడగాలో మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే దాదాపు ఒక ఏడాది, లక్షన్నర రూపాయలు మిగిలేవి.

తమ్ముడికి 29 ఏళ్లు. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినపడే మానసిక జబ్బు. మందులు వేసుకుంటున్నన్నాళ్లు బాగుంటాడు, బాగున్నాను కదా అని ఆపేస్తాడు, మళ్లీ మొదలు. మొదట్లో వాణ్ణి వేరే చోట చేర్పించాం. బంధువు ఒకాయన చెప్పాడు, రాత్రి పూట వ్యాన్ వచ్చింది, ఇద్దరు మనుషులు దిగి ఎక్కించుకుని పోయారు. నెల దాకా చూడనివ్వలేదు. చూడనిచ్చిన రోజు వాడికి గుండు. 'పేలు పడతాయమ్మా, అందరికీ చేస్తాం' అన్నాడు అక్కడి మనిషి, అదేదో మన మంచికే అన్నట్టు. అయినా ఉంచాం. ఇంటికి తెస్తే ఏం చేయాలో తెలియక ఉంచాం, అది మా తప్పే.

పదకొండు నెలల తర్వాత తీసుకొచ్చేటప్పుడు కూడా గుండే. తిరుపతిలో ఒక సౌకర్యం ఉంది, గుండుతో తిరిగే మనిషిని ఎవరూ రెండోసారి చూడరు. బస్టాండు నుంచి లీలామహల్ దాకా ఎటు చూసినా చందనం పూసుకున్న గుండ్లే. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, 'దర్శనం బాగా అయిందా స్వామీ' అని మావాణ్ణి అడిగాడు. వాడు తల మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు, ఇల్లు వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు. అమ్మ తలుపు తీసి వాణ్ణి చూసి, 'దారిలో కొండకు పోయొచ్చారా, నన్నూ తీసుకుపోతే ఏం పోయేది' అని నా మీద అలిగింది. అవునన్నాను. ఇప్పటికీ ఆమెకు అంతే తెలుసు.

అదంతా అయ్యాక కూర్చుని చట్టం చదివాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 1987 నాటి పాత చట్టాన్ని తీసేసి తెచ్చారు. సెక్షన్ 20లో స్పష్టంగా ఉంది, పేషెంటుకు బలవంతంగా గుండు కొట్టకూడదు, సొంత బట్టలు కట్టుకుంటానంటే కట్టుకోనివ్వాలి. గొలుసులు వేయడం, మత్తు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ ఇవ్వడం సెక్షన్ 95 కింద నిషేధం. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చుకోవాల్సి వస్తే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు అయి ఉండాలి, అదీ మొదట 30 రోజులకే. మావాణ్ణి వ్యాన్ ఎక్కించిన ఇద్దరిలో ఒకడు నైట్ వాచ్‌మన్ అని తర్వాత తెలిసింది.

సరే, ఇప్పటి కేంద్రం.

గేటు దాటగానే రిసెప్షన్ గోడ మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది, దాని పక్కన ఫిర్యాదు చేయడానికి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు (పేషెంట్ల ఫిర్యాదులు వినేది) అడ్రసు, ఫోన్ నంబరు. బోర్డు వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలన్నది చట్టంలోనే ఉంది కాబట్టి వీళ్లేదో గొప్ప పని చేశారని కాదు, కానీ పాత చోట ఆ గోడ మీద క్యాలెండర్ ఉండేది. అయితే సర్టిఫికెట్ చూసి సంతోషపడిపోకండి, దగ్గరికెళ్లి చదవండి. దాని మీద 'తాత్కాలిక' అని ఉంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ అంటే దరఖాస్తు అందిన పది రోజుల్లో ఇచ్చేయాలి, ఇచ్చే ముందు ఎవరూ వచ్చి తనిఖీ చేయనక్కర్లేదు, 12 నెలలు చెల్లుతుంది, మళ్లీ రెన్యువల్ చేయించుకోవచ్చు. శాశ్వత రిజిస్ట్రేషన్ కావాలంటేనే కనీస ప్రమాణాలన్నీ పాటిస్తున్నట్టు రుజువులు చూపించాలి, వాటిని 30 రోజులు జనానికి కనపడేలా ఉంచి అభ్యంతరాలు తీసుకోవాలి. ఆ తర్వాత మూడేళ్లకోసారి ఆడిట్. అంటే గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం ఉంది కదా అని ధైర్యంగా పిల్లాణ్ణి వదిలేసి వచ్చినవాళ్లలో చాలామంది, ఇంకా ఎవరూ వచ్చి చూడని చోట వదిలేసి వచ్చినట్టే.

ఇంకో మాట, తాగుడు మాన్పించే సెంటర్లవాళ్లు 'మాది మెంటల్ హాస్పిటల్ కాదండీ, మాకవన్నీ వర్తించవు' అంటారు. వర్తిస్తాయి. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా చట్టం చెప్పే నిర్వచనంలో ఉన్నాయి.

చేర్చుకునేటప్పుడు బాగా చేశారు. గంటసేపు వాడితో మాట్లాడి, కాగితం వాడి చేతికే ఇచ్చి సంతకం పెట్టమన్నారు. తన ఇష్టంతో చేరినవాడు వెళ్లిపోతానంటే పంపాలి, మరీ ప్రమాదం అనుకుంటే పరీక్షించడానికి 24 గంటలు మాత్రం ఆపొచ్చు, ఇది వాడికే అర్థమయ్యేలా చెప్పారు. వాడు నా వైపు చూసి 'నిజమేనా అక్కా' అన్నాడు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే తన తరఫున మాట్లాడే మనిషిగా, ఎవరి పేరు రాయమంటావంటే నా పేరు చెప్పాడు. నేను వాష్‌రూమ్ ఎక్కడుందని అడిగి పక్కకెళ్లాను.

రాత్రి తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందని అక్కడి మేడమ్‌ని అడిగాను. ఆవిడకు కోపం వచ్చింది. రానీ. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడిలో షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు, మన దేశంలో ఈ ప్రమాణాల మాట గట్టిగా వినపడింది ఆ తర్వాతే. తాళం డ్యూటీ నర్సు దగ్గర, ఇంకోటి కింద సెక్యూరిటీ దగ్గర ఉంటుందన్నారు. నేను రెండూ చూపించమన్నాను. చూపించారు.

మంచాల మధ్య నడవడానికి చోటుంది, ఒక్కొక్కరికి చిన్న అర. తమ్ముడి అరలో వాడి సొంత చొక్కాలు, పళ్లపొడి, ఒక దువ్వెన. మూడో వారం వెళ్లినప్పుడు పాపిడి తీసి తల దువ్వుకుని కూర్చున్నాడు. కొబ్బరినూనె ఎక్కువైంది, నుదుటి మీదకు కారుతోంది. ఇంతకంటే ఏం రాయాలో తెలీదు.

తిండి బాగుంది, వారానికి రెండుసార్లు సంగటి, సాంబారు మాత్రం నీళ్లు. రోజుకోసారి ఫోన్ మాట్లాడనిస్తారు.

ఇక స్టార్లు ఎక్కడ తగ్గాయంటే. బయట నేమ్ బోర్డు మీద సైకియాట్రిస్టు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆయన వచ్చేది మంగళవారం, శుక్రవారం. మావాడి వంతు వచ్చినప్పుడు పక్కనే కూర్చుని చూశాను, నాలుగు నిమిషాలు. 'నిద్ర పడుతోందా? మాటలు వినపడుతున్నాయా? సరే, అదే కంటిన్యూ.' రేపు తనిఖీకి ఎవరైనా వచ్చి డాక్టరు ఉన్నాడా అంటే ఉన్నాడు, లెక్క సరిపోతుంది. ఎంతసేపు ఉన్నాడనే గడి ఆ ఫారంలో ఉండదేమో మరి.

రెండోది, మధ్యాహ్నం అగరుబత్తీలు ప్యాక్ చేయిస్తారు. ఎంతిస్తారని అడిగితే 'థెరపీ మేడమ్' అన్నారు. ఖాళీగా కూర్చోబెట్టడం కంటే మేలే, ఒప్పుకుంటాను. కానీ పనికి బలవంతం చేయకూడదు, చేసిన పనికి తగిన కూలీ ఇవ్వాలి అన్నది కూడా అదే సెక్షన్ 20లో ఉంది, ఆ పెట్టెలు నేను బయట షాపులో డబ్బిచ్చి కొన్నాను.

అన్నిటికంటే పెద్ద లోటు డిశ్చార్జి తర్వాత. మూడు నెలలు బాగా చూసి, ఒక పేజీ కాగితం, 15 రోజుల మాత్రలు చేతిలో పెట్టి 'మళ్లీ ఇబ్బందైతే తీసుకురండి' అన్నారు. ఇబ్బంది కాకుండా ఏం చేయాలి? అక్కడ సోషల్ వర్క్ చదివిన ఒక అమ్మాయి ఉండేది, తనంతట తనే ప్రతి సోమవారం ఫోన్ చేసి తమ్ముడితో మాట్లాడేది, మాత్ర వేసుకున్నావా అని కాదు, సినిమాకెళ్లావా, ఎవరితోనైనా గొడవపడ్డావా అని. రెండు నెలలకు ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది, ఫోన్లు ఆగిపోయాయి. అది ఆ కేంద్రం పని కాదు, ఆ అమ్మాయి మంచితనం అని అప్పుడు అర్థమైంది.

ఈ కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఇచ్చే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ ఈ ప్రమాణాలను ఎప్పుడు సవరించినా నేను అడిగేది ఇదే. గది కొలతలు, మంచాల సంఖ్య, రిజిస్టర్లు చూడండి, చూడొద్దని కాదు. కానీ ఇంటికెళ్లిన మనిషిని ఆర్నెల్ల తర్వాత ఎవరైనా పలకరించారా, మందులు ఆపేశాడేమో కనుక్కున్నారా, పగటిపూట వచ్చి కూర్చోవడానికి ఒక చోటు ఉందా, ఇవి కూడా లెక్కలోకి రావాలి. చట్టంలో హాఫ్‌వే హోమ్‌ల (ఆసుపత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉండే చోట్ల) మాట ఉంది, సమాజంలో అందరితో కలిసి బతికే హక్కు సెక్షన్ 19లో ఉంది, మా చుట్టుపక్కల మాత్రం ఉంటే వార్డు, లేదంటే అమ్మ. ఇంకోటి, చెప్పి వచ్చే తనిఖీకి కొత్త దుప్పట్లు వస్తాయి, కాబట్టి చెప్పకుండా రండి, వచ్చినప్పుడు మేనేజర్ లేకుండా పేషెంట్లతో మాట్లాడండి.

ఫిర్యాదు చేయడానికి మీ మనిషే అక్కడ ఉండాలన్న రూలేమీ లేదు. కనీస ప్రమాణాలు పాటించట్లేదని ఎవరు రాసిచ్చినా సెక్షన్ 68 కింద అథారిటీ తనిఖీకి ఆదేశించొచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేల దాకా. మేం పాత చోట కట్టిన డబ్బు ముందు ఇదెంత, కానీ మూడోసారి దొరికితే 5 లక్షల దాకా పోవచ్చు. అర్ధరాత్రి టెన్షన్ పడి దొరికిన వ్యాన్‌కు ఫోన్ చేసే ముందు 14416కు చేయండి, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డబ్బు ఇబ్బందైతే తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, లైన్‌లో నిలబడాలి, అంతే.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. అందులో ఒకటి దువ్వెనకు.

గోడ మీది సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను. గడువు వచ్చే నెల 14తో అయిపోతుంది, తమ్ముడి చెకప్ 16న. వెళ్లగానే ముందు ఆ గోడే చూస్తాను, స్టార్లు మార్చాల్సి వస్తే ఇక్కడే మారుస్తాను.