‘కావాలంటే’ అనే మాట లేని కార్డు: డార్క్ కాన్ఫిడెంట్‌తో పదేళ్లు

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్లకి డార్క్ కాన్ఫిడెంట్ అనే కార్డు ఏం చేస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి అప్‌కీప్‌లో, అంటే మన వంతు మొదట్లో, పైముక్క తిప్పి చూపించి చేతిలో వేసుకోవాలి, దాని ఖరీదెంతో (అది ఆడడానికి ఎంత మానా, అంటే ల్యాండ్ కార్డులిచ్చే శక్తి, పడుతుందో) అంత లైఫ్ పోగొట్టుకోవాలి. నేను రాయాలనుకున్నది ఆ కార్డు మీద లేని ఒక్క మాట గురించి. ‘కావాలంటే’ అనే మాట. ఎటర్నల్ విట్‌నెస్ మీద ఆ మాట ఉంది, సాలెమ్ సిమ్యులాక్రమ్ మీదా ఉంది. కావాలంటే తీసుకో, వద్దంటే మానెయ్. బాబ్ (డార్క్ కాన్ఫిడెంట్‌కి మేం పెట్టుకున్న ముద్దుపేరు) దగ్గర ఆ బేరం లేదు. తిప్పాల్సిందే, కట్టాల్సిందే.

ఆ బేరం లేకపోవడమే నాకు నచ్చింది. నేను చిన్నప్పటి నుంచి చూసిన ఆట రమ్మీ. పెళ్లిళ్లలో విడిది ఇంట్లో దుప్పటి పరిచి, పదమూడు ముక్కలు పంచి, తెల్లారేదాకా ఆడేవాళ్లు. ఎంత మొనగాడైనా వంతుకి ఒక ముక్క తీసి ఒకటి పారేయాల్సిందే. 2013లో ఎంఎస్ చదవడానికి టెక్సాస్ వచ్చి, రూమ్‌మేట్ల పుణ్యమా అని మ్యాజిక్ నేర్చుకున్నాక మొదటిసారి ఈ కార్డు చదివినప్పుడు నా కళ్లకి కనిపించింది అదే: వంతుకి రెండు ముక్కలు! రమ్మీ ఆడినవాడికి దాని విలువ విడమరిచి చెప్పాలా?

2014లో ఒక్కో బాబ్ యాభై డాలర్ల పైమాటే. డెక్‌కి కావాల్సిన నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేక నెలకొకటి చొప్పున కొన్నాను. (బాబ్ అనే ముద్దుపేరు బాబ్ మేహర్ వల్ల వచ్చింది. 2004 ఇన్విటేషనల్ టోర్నమెంట్ గెలిచినందుకు ఆయన రూపొందించిన కార్డు ఇది. 2005లో రావ్నికా అనే సెట్‌లో మొదట అచ్చయినప్పుడు బొమ్మలో ఉన్నది ఆయన ముఖమే.) అప్పటి నుంచి ఇప్పటిదాకా నా జండ్ (నలుపు, ఎరుపు, ఆకుపచ్చ కార్డుల) డెక్‌లోంచి ఆ నాలుగూ బయటికి పోలేదు. స్లీవ్‌లు ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు.

మొదట్లో అందరికీ ‘కళ్లు మూసుకుని నాలుగూ పెట్టుకో’ అని చెప్పేవాణ్ని. నా లెక్క ఇలా ఉండేది. అరవై కార్డుల్లో ఇరవైనాలుగు ల్యాండ్‌లు, వాటి ఖరీదు సున్నా. ఒక మానావి పన్నెండు, రెండు మానావి పద్నాలుగు, మూడువి ఆరు, నాలుగువి నాలుగు. అన్నీ కలిపి భాగిస్తే కార్డుకి సగటున 1.2 కంటే కొంచెం ఎక్కువ. అంటే ఒక్క లైఫ్‌కి పైచిలుకు ఇచ్చి ఒక కార్డు కొంటున్నట్టు. ఇంత చవక బేరం ఇంకెక్కడ దొరుకుతుంది?

లెక్క తప్పు కాదు గానీ అందులో మిగతా డెక్ తినే లైఫ్ లేదు. ఫెచ్ ల్యాండ్ పగలగొడితే ఒకటి, షాక్ ల్యాండ్ నిలబెట్టి దింపితే రెండు, థాట్‌సీజ్ వేస్తే ఇంకో రెండు. ఎదుటివాడు చెయ్యి ఎత్తకముందే నేను మొదటి ఇరవై లైఫ్ నుంచి పదిహేనుకి వచ్చేస్తాను. బాబ్ కోసే 1.2 ఇరవైలోంచి కాదు, ఆ పదిహేనులోంచి. ఇది నాకు బాగా తెలిసొచ్చింది 2018లో.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మోడర్న్‌లో (మేం ఆడే ఫార్మాట్, అంటే ఏ కార్డులు చెల్లుతాయో చెప్పే పద్ధతి) జండ్‌కి పనికొచ్చే బ్లడ్‌బ్రెయిడ్ ఎల్ఫ్ అనే కార్డు మీద నిషేధం ఎత్తేశారు. జండ్ ఆడేవాళ్లకి పండగే పండగ. ఆ చలికాలం, మేము శుక్రవారాలు ఆడే షాపులో ఒక శనివారం టోర్నమెంట్. చివరి రౌండ్, గెలిస్తే మొదటి స్థానం నాదే. ఎదురుగా బర్న్ డెక్, అంటే నేరుగా లైఫ్ మీదే దెబ్బలు వేసేది. చెరో ఆటా గెలిచి మూడో ఆటకి వచ్చాం. ఆట ముదిరాక పరిస్థితి ఇదీ: నా లైఫ్ మూడు, అవతలి అతనిది ఆరు. అతని చేతిలో ఒక్క కార్డూ లేదు, ముందు ఒక్క క్రీచరూ లేదు. నా వైపు 4/5 (దెబ్బ నాలుగు, ఓర్పు అయిదు) అయిన టార్మోగోయిఫ్, పక్కన రెండు దెబ్బల బాబ్. చేతిలో మూడు దెబ్బలు వేసే ఒక లైట్నింగ్ బోల్ట్. నాకు ఇంకొక్క దాడి చాలు: నాలుగూ రెండూ ఆరు.

అతను ముక్క తీశాడు. మౌంటెన్. దింపి, వంతు నాకిచ్చేశాడు.

అక్కడ ఆగి ఆలోచించాను. బాబ్ ట్రిగర్ (ముక్క తిప్పించే ఆ పని) స్టాక్ మీదకి, అంటే జరగాల్సినవాటి వరసలోకి, వచ్చాక బాబ్‌ని చంపినా లాభం లేదు, ట్రిగర్ జరిగే తీరుతుంది. ఆపాలంటే అతని వంతు చివర్లోనే నా బోల్ట్‌తో నా బాబ్‌నే చంపుకోవాలి. అలా చేస్తే నా దాడికి అతను ఆరు నుంచి రెండుకి వస్తాడు గానీ చావడు, అతనికి ఇంకో ముక్క దొరుకుతుంది. బర్న్ డెక్‌లో సగానికి దగ్గరగా మూడు దెబ్బల స్పెల్సే. చంపకపోతే? నా లైబ్రరీలో (ఇంకా తీయని కార్డుల కట్టలో) మిగిలిన ముప్ఫై ఎనిమిది కార్డుల్లో మూడు, ఆపైన ఖరీదున్నవి ఆరే. నూటికి పదహారు. ఎటు చూసినా బాబ్‌ని ఉంచడమే సరి. ఉంచాను.

ల్యాండ్‌లన్నీ నిలబెట్టాను. పైముక్క మీద బొటనవేలు పెడితే చెమటకి స్లీవ్ అతుక్కుని దాని కింది ముక్క కూడా పైకి లేచింది. విడదీసి, కింది ముక్క సర్ది, పైది తిప్పాను. లిలియానా ఆఫ్ ద వెయిల్. ఖరీదు మూడు. పక్కన లైఫ్ కోసం పెట్టుకున్న ఇరవై ముఖాల పాచిక మూడు దగ్గరే ఉంది, దాన్ని తిప్పబుద్ధి కాలేదు. చేయి చాచి అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చాను. అతను నాకంటే ఎక్కువ బాధపడినట్టు కనిపించాడు.

దారిపొడుగునా కారులో ఆ పదహారు శాతం గురించే మాట్లాడాను. మా రూమ్‌మేట్ది కరీంనగర్, నాకంటే రెండేళ్లు చిన్నోడు, నాతోపాటే ఆట నేర్చుకున్నాడు. అంతా విని అన్నాడు: ‘‘అన్నా, ఆఖరికి నువ్వు చేసింది తప్పేం కాదే. అసలు బర్న్ మీద మూడో ఆటల బాబ్‌ని ఎందుకు ఉంచినవ్?’’

నా దగ్గర జవాబు లేదు. బర్న్ మీద రెండో ఆట నుంచి బాబ్‌ని తీసి పక్కన పెట్టాలని జండ్ ఆడే ప్రతివాడికీ తెలుసు. ఎదుటివాడు నన్ను కాల్చడానికి వస్తుంటే నేనే అగ్గిపుల్ల అందించకూడదు. నాకూ తెలుసు. అయినా రెండు తీసి రెండు ఉంచాను, వాటి మీది ఇష్టంతో. నేను ఓడిపోయింది లిలియానా బయటపడినప్పుడు కాదు, సైడ్‌బోర్డు (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) సర్దుకున్న ఆ మూడు నిమిషాల్లో. అప్పటి నుంచి బర్న్ ఎదురైతే నాలుగూ తీసేస్తున్నాను.

ఇంత చెప్పాక దాని మంచి కూడా చెప్పాలి, ఎందుకంటే 2019లో అదే కార్డు నన్ను నిలబెట్టింది. వార్ ఆఫ్ ద స్పార్క్ సెట్‌లో ‘నార్సెట్, పార్టర్ ఆఫ్ వెయిల్స్’ అనే కార్డు వచ్చింది. అది బల్ల మీద ఉంటే ఎదుటివాళ్లు వంతుకి ఒక్క కార్డుకి మించి డ్రా చేయకూడదు. నీలం, తెలుపు ఆడే ఒకాయన దాన్ని దింపి, నా బాబ్ వైపు చూసి ‘ఇక దీని పని అయిపోయింది’ అన్నాడు. నేనూ నమ్మి తల ఊపాను. నా వంతు వచ్చాక కార్డు మళ్లీ చదివాను. అందులో ‘డ్రా’ అనే మాటే లేదు, చేతిలో పెట్టుకోమని ఉంది. జడ్జిని పిలిచాం. ఆయన కార్డు చదివి, అవును, ఇది డ్రా కాదు, నార్సెట్ దీన్ని ఆపదు అన్నారు. ఆ ఆటలో నార్సెట్ చూస్తుండగానే వంతుకి రెండేసి ముక్కలు తీసుకున్నాను. అయిదేళ్లుగా చేతిలో ఉన్న కార్డులో ఇంకా తెలియనిది మిగిలి ఉండడం ఎంత సంతోషమో, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. అదే ఏడాది మోడర్న్ హొరైజన్స్ సెట్‌తో రెన్ అండ్ సిక్స్ అనే కార్డు వచ్చింది. దింపగానే ఒక దెబ్బ. బాబ్ ఓర్పు ఒకటే. తర్వాత 2023లో ఆర్కిష్ బోమాస్టర్స్. అదనంగా డ్రా చేసేవాళ్లని శిక్షించే కార్డు కదా, బాబ్‌ది డ్రా కాదు కదా అని ఆశపడ్డాను. నిజమే, ఆ ముక్కకి అది కదలదు. కానీ బల్ల మీదకి వస్తూనే వేసే మొదటి బాణం చాలు. చాలాసార్లు నా బాబ్ ఒక్క ముక్క కూడా తిప్పకుండానే గ్రేవ్‌యార్డ్‌కి (చచ్చిన కార్డుల కుప్పలోకి) వెళ్లింది. రెండు మానా పెట్టి ఒక బాణాన్ని నా మీదనుంచి తప్పించుకున్నట్టయింది, అంతకు మించి ఏమీ మిగల్లేదు.

కాబట్టి ‘కళ్లు మూసుకుని నాలుగూ పెట్టుకో’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రతివారం షాపులో బహుమతి కోసం మోడర్న్ ఆడేవాళ్లయితే ఇది కొనమని ఇప్పుడు నేను చెప్పలేను. నా సంగతి వేరు. పెళ్లయింది, పాపకి మూడేళ్లు, షాపుకి వెళ్లి ఏడాది దాటింది. శనివారం రాత్రి పాప పడుకున్నాక పాత రూమ్‌మేట్లు నలుగురం మా డైనింగ్ టేబుల్ మీద పాత డెక్‌లే ఆడుకుంటాం. మా నలుగురిలో బోమాస్టర్స్ ఉన్నవాడు ఒక్కడే. అలాంటి బల్ల మీద బాబ్ రెండు మూడు వంతులు బతుకుతుంది, అది చాలు. ధర కూడా కొన్ని డాలర్లకి దిగింది, కాబట్టి అప్పటి నాలాగా నెలకొకటి కూడబెట్టక్కర్లేదు.

కొంటే మాత్రం డెక్‌లో నాలుగు మానా కార్డులు నాలుగుకి మించకుండా చూసుకోండి. లైఫ్ ఆరుకి దిగాక బాబ్‌ని అడ్డం పెట్టడానికో, దాడిలో పోగొట్టుకోవడానికో ముందే దారి చూసుకోండి. నేను ఈమధ్య అయిదు దగ్గరే ఆ పని చేస్తున్నాను. మా కరీంనగర్ తమ్ముడు ఏడు దగ్గర చేయాలంటాడు. దాని మీద మా ఇద్దరికీ ఇంకా పొత్తు కుదర్లేదు.