టకటకా, టక్కా: బ్యాటరీయా, స్టార్టర్ మోటారా?

తాళం తిప్పితే కారు స్టార్ట్ అవ్వకుండా చప్పుడు మాత్రమే చేస్తోందా? ముందు ఆ చప్పుడు జాగ్రత్తగా వినండి.

వరుసగా టకటకమంటుంటే అనుమానం బ్యాటరీ మీదే. సోలెనాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) అతుక్కోగానే వోల్టేజీ పడిపోయి వదిలేస్తుంది, మళ్ళీ అతుక్కుంటుంది. హెడ్‌లైట్లు కూడా బాగా మసకబారతాయి. మల్టీమీటర్ ఉంటే ఇంజిన్ ఆపి కొంతసేపయ్యాక చూడండి: నిండు ఛార్జిలో 12.6 వోల్టుల దాకా ఉండాలి, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే.

ఒక్కసారే గట్టిగా టక్కుమని ఆగిపోయి, లైట్లు మాత్రం కాంతిగానే ఉంటే స్టార్టర్ మోటారునో, దాని సోలెనాయిడ్‌నో అనుమానించాలి. అది మెకానిక్ పని.

రెంటిలో ఏదైనా సరే, డబ్బు ఖర్చు పెట్టేముందు బ్యాటరీ టెర్మినళ్ళు చూడండి. తెల్లగానో, పచ్చగానో పొడి పట్టినా, క్లాంపు వదులుగా ఉన్నా మంచి బ్యాటరీ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఇంకా తేలకపోతే జంప్ స్టార్ట్ చేయండి, అంటే ఇంకో బండి బ్యాటరీకి కేబుళ్ళతో కలిపి స్టార్ట్ చేయడం. వెంటనే ఇంజిన్ అందుకుంటే లోపం బ్యాటరీదో, దాన్ని ఛార్జ్ చేయాల్సిన ఆల్టర్నేటర్‌దో. అప్పటికీ ఒక్క టక్కే వినిపిస్తే స్టార్టర్ విప్పించాల్సిందే.